ఆనందానికి పేరుపడ్డ భూటాన్ నుంచి జనం ఆస్ట్రేలియాకి ఎందుకు వెళ్తున్నారు?

ముఖ్యంగా జీతాల కోసం, దేశం మీద మనసు విరిగి కాదు. భూటాన్ జనాభా 8 లక్షల లోపే, ప్రైవేటు ఉద్యోగాలు తక్కువ, అక్కడి కరెన్సీ ఙుల్ట్రమ్ విలువ మన రూపాయితో సమానం, కాబట్టి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వృద్ధుల్ని చూసుకునే పనికి గంటల లెక్కన వచ్చే డాలర్లు ఇంటికి పంపితే తేడా ఎంతుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఉదాహరణకి రాజధాని థింపూలో టీచరుగా చేసే భార్య స్టూడెంట్ వీసా మీద మాస్టర్స్‌లో చేరుతుంది, భర్త డిపెండెంటుగా వెళ్లి ఫుల్‌టైమ్ పని చేస్తాడు, పిల్లలు ఒక్కోసారి అమ్మమ్మ దగ్గరే ఉండిపోతారు. పండగొస్తే అక్కడా తమ సంప్రదాయ దుస్తులు ఘో (మగవాళ్లది), కీరా (ఆడవాళ్లది) కట్టుకుని, మిరపకాయలూ చీజూ కలిపి ఎమా దట్షి వండుకుంటారు (మిరపకాయే అందులో అసలు కూర). కానీ ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుంటే భూటాన్ పౌరసత్వం పోతుంది, అందుకే ఆ నిర్ణయం దగ్గర చాలా టెన్షన్.

చాలామంది వీళ్లనీ అమెరికాలోని భూటానీయులనీ ఒకటే అనుకుంటారు. అది తప్పు. అమెరికాలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది నేపాలీ మాట్లాడే ల్హోత్సంపాలు. 1990ల మొదట్లో దేశం వదలాల్సి వచ్చి, నేపాల్ శిబిరాల్లో ఏళ్ల తరబడి గడిపి, శరణార్థులుగా అమెరికాకి చేరారు.