టెక్ సందేహాలు: తుప్పు పట్టిన బ్రేక్ పైపుకి అతుకు వేయొచ్చా?

ప్రశ్న: చవకగా వచ్చిందని ఇరవై ఏళ్ల నాటి కారు కొన్నాను. ఇప్పుడు బ్రేక్ పెడల్ బాగా లోపలికి దిగిపోతోంది. వెనక చక్రం దగ్గర నేల తడిగా ఉంటోంది. పైపు తుప్పు పట్టి కారుతోందట. పాడైన ముక్క కోసేసి రబ్బరు గొట్టం, క్లిప్పులతో కలిపేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మరమ్మతు అయ్యేదాకా ఆ కారు బయటికి తీయకండి. బ్రేకులు రెండు సర్క్యూట్లుగా, అంటే రెండు వేర్వేరు ఆయిల్ దారులుగా పనిచేస్తాయి కాబట్టి ఒకటి కారిపోయినా రెండోది కాస్త ఆపుతుంది. ‘ఇంకా ఆగుతోంది కదా’ అని చాలామంది ధైర్యంగా నడిపేది అందుకే. ఆ ధైర్యం వద్దు.

గట్టిగా బ్రేక్ కొడితే ఆ సన్నటి పైపులో ఒత్తిడి 1,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటిపోతుంది. మామూలు కారు టైరులో ఉండేది 30-35 పీఎస్ఐ మాత్రమే. అంత ఒత్తిడికి రబ్బరు గొట్టం, క్లిప్పు ఏం ఆగుతాయి? బిగించి నొక్కే కంప్రెషన్ ఫిట్టింగులు కూడా బ్రేకులకు పనికిరావు.

పైపు మొత్తం మార్చడమే మంచిది. రాగి, నికెల్ కలిసిన మిశ్రమం పైపు తీసుకోండి. అది తుప్పు పట్టదు, చేత్తోనే చక్కగా వంగుతుంది. అచ్చం రాగి పైపు మాత్రం వద్దు, అదురుకి గట్టిపడి పగులుతుంది. చాలా కార్లలో పైపు బయటి వ్యాసం 4.75 మి.మీ. ఉంటుంది. అయినా పాతదాన్ని కొలిచాకే కొనండి.

అసలు పనితనమంతా పైపు చివర్లోనే, అంటే జాయింటులో కూర్చునేలా విప్పార్చిన అంచు (ఫ్లేర్) లోనే ఉంది. పాత పైపు చివరి ముక్కను పారేయకుండా తుడిచి పరీక్షగా చూడండి. అంచు గరాటులా విచ్చుకుని లోపలికి మడిచి ఉంటే డబుల్ ఫ్లేర్. గుండ్రటి బుడిపెలా ఉంటే బబుల్ ఫ్లేర్. ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది, టేపు చుట్టినా ఆగదు. ముందు పనికిరాని ముక్కల మీద ఫ్లేరింగ్ టూల్‌తో చెయ్యి తిరిగేదాకా సాధన చేయండి. ఫ్లేర్ చేసే ముందే నట్టు పైపులోకి ఎక్కించారో లేదో చూసుకోండి. తర్వాత ఎక్కదు, చేసిన ఫ్లేర్ కోసి పారేయాల్సిందే.

పాత నట్లు ఊడటం అంత తేలిక కాదు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. మామూలు స్పానర్ నట్టు మూలలు అరగదీస్తుంది, ఫ్లేర్ నట్ స్పానర్ వాడండి. అప్పటికే అరిగిపోయిందా? పైపుని నట్టు దగ్గరికంటా కోసేసి ఆరు పలకల సాకెట్ తొడిగితే పట్టు దొరుకుతుంది.

ఒక్క చోట కారిందంటే మిగతా పైపులదీ అదే వయసు. పైపుని పట్టి ఉంచే క్లిప్పుల కింద బురద, తడి చేరి తుప్పు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. ఫోనుకి తగిలించే ఎండోస్కోప్ కెమెరా ఉంటే పెట్రోలు ట్యాంకు పైభాగంలో వెళ్లే పైపులు కూడా చూడొచ్చు. చాసిస్ కూడా పొరలు పొరలుగా రాలుతుంటే మాత్రం పైపుల మీద డబ్బు పెట్టొద్దనే నా సలహా.

చివర్లో, బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీయాలి. రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ డబ్బా) మూత మీద రాసిన రకం బ్రేక్ ఆయిలే పోయండి. డాట్ 3, డాట్ 4 రకాల ఆయిల్ ఉన్న చోట సిలికాన్‌తో చేసే డాట్ 5 కలపకూడదు. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. పని మధ్యలో రిజర్వాయర్ ఖాళీ కానివ్వకండి. అంతా అయ్యాక ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్ గట్టిగా తొక్కి పట్టండి. ఇంకొకరు పక్కనుంచి టార్చితో ప్రతి జాయింటూ చూడాలి. కారు జాక్ మీద కాదు, స్టాండ్ల మీద ఉండాలి.

ప్రశ్న: పెట్రోలు పైపు కూడా తుప్పు పట్టి వాసన వస్తోంది. దానికైనా రబ్బరు గొట్టం వేయొచ్చా?

జవాబు: చిన్న ముక్క వరకైతే వేయొచ్చు, గొట్టం రకం ముఖ్యం. కార్బ్యురేటర్ కార్లలో ఒత్తిడి చాలా తక్కువ. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి 40-60 పీఎస్ఐ ఉంటుంది. వాటికి ఎస్ఏఈ 30ఆర్9 అని ముద్రించిన గొట్టం, ఇంజెక్షన్ క్లాంపులు కావాలి. తుప్పు లేని గట్టి పైపు దొరికేదాకా వెనక్కి కోయండి. పైపు చివర చిన్న ఉబ్బు చేస్తే గొట్టం జారదు. డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో ఇంజిన్ మీదుండే హై ప్రెషర్ పైపుల జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు.

విప్పే ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, కారు కదపకుండా, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా ఆన్‌లో ఉంచండి. పైపులో ఒత్తిడి తగ్గుతుంది. ఆ తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీ తీగ విప్పి, ఆరుబయట పని చేయండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి.

ప్రశ్న: కారు కంప్యూటర్‌ని ఫోనుకి కలిపే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, ఫోన్ యాప్‌తో ఏబీఎస్‌లో (చక్రాలు బిగుసుకోకుండా చూసే బ్రేక్ వ్యవస్థలో) గాలి తీయొచ్చా?

జవాబు: మామూలు యాప్‌లు ఇంజిన్ లోపాలను తెలిపే కోడ్‌లు చదవడానికే ఎక్కువగా పనికొస్తాయి. ఏబీఎస్ పంపుని తిప్పాలంటే ఆ కారు కంపెనీ ఆదేశాలు పంపగల స్కానర్ ఉండాలి. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్లకపోతే ఆ అవసరమే రాకపోవచ్చు. రిజర్వాయర్ ఖాళీ కానివ్వొద్దని పైన అంత గట్టిగా చెప్పింది ఇందుకే. మామూలుగా గాలి తీశాక కూడా పెడల్ మెత్తగానే ఉంటే, కారు నడపకుండా అలాంటి స్కానర్ ఉన్న మెకానిక్‌ని పిలిపించండి.