డాక్టర్ సలహా: గర్భిణిగా పారాసెటమాల్ వేసుకున్నాను, బిడ్డకు ఆటిజం వస్తుందా?

ప్రశ్న: నా వయసు 29. మాది విశాఖపట్నం, గాజువాక. ఇప్పుడు ఐదో నెల. మూడో నెలలో జ్వరమొస్తే మూడు రోజులు పారాసెటమాల్ 650 వేసుకున్నాను. దానివల్ల పిల్లలకు ఆటిజం వస్తుందని వార్తల్లో చూసి, భయపడి థైరాయిడ్ మాత్రతో సహా అన్నీ ఆపేశాను. నడుము నొప్పికి మాత్రం మందుల షాపులో ఇచ్చిన బిళ్లలు అప్పుడప్పుడు వేసుకుంటున్నాను. ఆటిజం స్కానింగ్‌లో తెలుస్తుందా?

జవాబు: మీరు అడిగింది పారాసెటమాల్ గురించే అయినా, నన్ను కలవరపెట్టింది థైరాయిడ్ మాత్ర మానేశానన్న మాట. అది మన ఒంట్లో తయారయ్యే హార్మోనే. గర్భం మొదటి సగంలో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి నుంచి అందే ఈ హార్మోనే ప్రధాన ఆధారం. అందుకే చాలామందికి ఈ సమయంలో మోతాదు పెంచవలసి వస్తుంది కూడా. బిడ్డ మెదడుకు ఏమవుతుందోనన్న భయంతో, ఆ మెదడుకు అవసరమైన మందునే ఆపడం సరికాదమ్మా. రేపు ఉదయం పరగడుపున పాత మోతాదే మళ్లీ మొదలుపెట్టండి. మానేసిన రోజులకు బదులుగా రెండేసి మాత్రలు వేసుకోవద్దు. ఐరన్, కాల్షియం బిళ్లలకూ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ వారంలోనే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించుకోండి. ఆ ఫలితం చూడకుండా మోతాదు మార్చమని నేను ఇక్కడి నుంచి చెప్పలేను.

ఇక పారాసెటమాల్. కొన్ని అధ్యయనాల్లో ఆటిజంతో స్వల్ప సంబంధం కనిపించిన మాట నిజం. అయితే స్వీడన్‌లో 1995 నుంచి 2019 వరకు పుట్టిన దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలతో 2024లో వెలువడిన అధ్యయనంలో, ఒకే తల్లికి పుట్టిన బిడ్డలను పోల్చి చూసినప్పుడు ఆ సంబంధం కనిపించలేదు. ఆటిజంలో జన్యువుల పాత్రే ఎక్కువ. జ్వరానికి మూడు రోజులు వేసుకున్న మాత్రల గురించి మీరు కుమిలిపోనవసరం లేదు. తొలి నెలల్లో తీవ్ర జ్వరాన్ని తగ్గించకుండా వదిలేయడమే బిడ్డకు హాని చేయవచ్చు. అలాగని జ్వరం వచ్చిన ప్రతిసారీ సొంతంగా మాత్ర వేసుకుని ఊరుకోకూడదు. మన ఊళ్లో వానాకాలం జ్వరమంటే డెంగీ, మలేరియా పరీక్షలు తప్పనిసరి.

నడుము నొప్పి బిళ్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. స్ట్రిప్ వెనక్కి తిప్పి, పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. పారాసెటమాల్ పక్కన ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి పేరుంటే వెంటనే ఆపండి. 20 వారాలు దాటాక ఇవి బిడ్డ మూత్రపిండాలపై ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించవచ్చు; 30 వారాల తర్వాత బిడ్డ గుండె దగ్గరి ముఖ్యమైన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదముంది. మీరు సరిగ్గా ఆ 20 వారాల దగ్గరే ఉన్నారు. డాక్టరు రాసిన మాత్రను అనుమానించి, షాపులో చేతికిచ్చిన బిళ్లను నమ్మే అలవాటు మా ఓపీలో తరచూ చూస్తుంటాను. కౌంటర్ దగ్గర గర్భిణినని చెప్పకపోతే ఆ కుర్రాడికి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఆటిజం ఏ స్కానింగ్‌లోనూ తెలియదు. టిఫా స్కాన్ అవయవాల నిర్మాణాన్ని చూడటానికే. చేయించుకోకపోతే ఈ వారమే చేయించుకోండి, ఉమ్మనీరు కూడా కొలుస్తారు. వాడిన మందుల స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. వారు అందుబాటులో లేకపోతే విశాఖలోని ప్రభుత్వాసుపత్రులైన ఘోషా ఆసుపత్రికో కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వెళ్లవచ్చు. ఈలోగా ఉమ్మనీరు కారినా, రక్తస్రావం కనిపించినా, నడుము నొప్పి ఉండి ఉండి పొత్తికడుపులోకి దిగుతున్నా తెల్లవారే దాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి చేరండి.