గుర్రపు డెక్కే, వేషాలే వేరు

ప్రశ్న: వానల మొదట్లో మా చెరువులో ఉబ్బిన కాడల మొక్కలు విడివిడిగా తేలుతూ కనిపించాయి. ఇప్పుడు సన్నని పొడవాటి కాడల మొక్కలు నీళ్లు కనబడకుండా కమ్మేశాయి. కిందటి వేసవిలో అంచు బురదలో గడ్డిలాంటి మొలకలు చూశాం. ఇవి మూడు రకాల మొక్కలా?

– ఒక రైతు

సమాధానం: మూడూ ఒకటే, గుర్రపు డెక్క. చోటు ఖాళీగా ఉన్నప్పుడు కాడ బుడ్డలా ఉబ్బుతుంది. ఒక బుడ్డను అడ్డంగా కోసి చూడండి, లోపలంతా గాలి గదుల స్పాంజిలా ఉంటుంది. అదే దానికి తెప్ప. మొక్కలు ఒత్తుగా పెరిగి వెలుతురు కోసం పోటీ పడితే కాడలు సాగి, బుడ్డలు మాయమవుతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు.

అనుమానం తీరాలంటే మొక్కను పైకి లాగండి. ఊదా నలుపు రంగులో, పక్షి ఈకల్లా దట్టమైన వేళ్లు వేలాడుతుంటే, పక్కకు పాకిన తీగ చివర పిల్ల మొక్క ఉంటే, అది గుర్రపు డెక్కే. అంతర తామరకు కాడలే ఉండవు, ఆకులు నూగుతో మెత్తగా ఉంటాయి. వరి మళ్లలో నీలిపూలు పూసే కలుపు దీనికి చుట్టమే కానీ బురదలో పాతుకుని పెరుగుతుంది.

పూత వచ్చాక పోల్చుకోవడం తేలిక. లేత ఊదా పువ్వుకు ఆరు రేకులు, పై రేకు మీద నీలి అంచుతో పసుపు మచ్చ. ఆ అందం చూసి పెంచుకున్నవాళ్లే దీన్ని దక్షిణ అమెరికా నుంచి దేశదేశాలకు మోశారు! పువ్వు ఒకటి రెండు రోజుల్లో వాడుతుంది. తర్వాత పూకాడ నీళ్లలోకి వంగి, కాయ అక్కడే పండి, గింజలు అడుగు బురదకు చేరతాయి. అవి 15 ఏళ్లు దాటినా మొలవగలవు.

చలికి ఆకులు మాడి గోధుమరంగుకు తిరిగితే చచ్చిందనుకోకండి. నీటి మట్టం కింద మొదలు బతికి ఉంటే మళ్లీ చిగురిస్తుంది.

వేసవిలో మీరు చూసినవి గింజల మొలకలు. తొలి ఆకులు సన్నని పట్టీల్లా ఉంటాయి. తర్వాతివి గరిటెల్లా వెడల్పై, కాడలు ఉబ్బాక, నీరు చేరగానే తేలిపోతాయి. ఈసారి నీరు తగ్గినప్పుడు వాటిని బురదలోనే పీకించండి, అప్పుడైతే చేత్తో అయ్యే పని. ఇప్పుడున్న వాటిని పూకాడలు వంగకముందే తీయించి, గట్టు మీద కాకుండా వాన నీరు తిరిగి చెరువులోకి లాగలేనంత దూరంలో ఎండబెట్టండి.