బీటెక్ సివిల్, ఆరేళ్ల అనుభవం ఉంది. బెంగళూరులో ప్రాపర్టీ వాల్యూయర్ అవ్వాలంటే ఏం చేయాలి?

తమ్ముడూ, అనంతపురం నుంచి వచ్చి కేఆర్ పురంలో ఉంటూ ఆరేళ్లుగా సైట్ ఇంజినీరుగా చేస్తున్నానని, ఇళ్లకీ స్థలాలకీ విలువ కట్టే లైసెన్సు ఎలా వస్తుందని, వచ్చాక కూడా ఏటా క్లాసులకు కూర్చోవాలా అని అడిగావు. డాలస్‌లో ఉన్న మీ బావ ఏడాదికి 14 గంటల చదువు తప్పదన్నాడని కూడా రాశావు. నాది కడప, బెంగళూరులోనే ఈ పని చేస్తున్నాను, నాకు తెలిసినంత చెబుతా.

మీ బావ చెప్పింది నిజమే కానీ అది అమెరికా లెక్క. అక్కడ ముందు ఒకరి కింద ట్రైనీగా చేయాలి, లైసెన్సు రావాలంటే కనీసం 1,000 గంటల అనుభవం చూపించాలి, ఆ తర్వాత ఏటా 14 గంటల చొప్పున చదవాలి, అందులో వాళ్ల ప్రమాణాల మీద 7 గంటల కోర్సు రెండేళ్లకోసారి వస్తూనే ఉంటుంది. మన దగ్గర అన్ని పనులకీ పనికొచ్చే ఒకే లైసెన్సంటూ లేదు, కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

కంపెనీల చట్టం కింద, దివాలా కేసుల్లో విలువ కట్టాలంటే ఐబీబీఐ, అంటే దివాలా వ్యవహారాలు చూసే కేంద్ర బోర్డు దగ్గర రిజిస్టర్ అవ్వాలి. 2017 రూల్స్‌తో ఇది మొదలైంది, 2019 ఫిబ్రవరి నుంచి ఆ పనులు రిజిస్టర్డ్ వాల్యూయర్లు తప్ప వేరేవాళ్లు చేయకూడదు. ఇన్‌కమ్ ట్యాక్స్ కోసం, అంటే తాతగారి ఇల్లు అమ్మితే 2001 ఏప్రిల్ 1 నాటికి దాని విలువెంత అని రాసివ్వడానికి, రిజిస్ట్రేషన్ వేరే ఉంది, దానికి పదేళ్ల అనుభవం కావాలి కాబట్టి ప్రస్తుతానికి నీకు కుదరదు. హోమ్ లోన్ రిపోర్టులకైతే ఏ బ్యాంకుకి ఆ బ్యాంకే తన ప్యానెల్‌లో చేర్చుకోవాలి. ఐబీబీఐ నంబరు రాగానే బ్యాంకులు పిలుస్తాయని మాత్రం అనుకోకు. నేను అలాగే అనుకుని ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చున్నా.

ఐబీబీఐకైతే నువ్వు ఇప్పుడే అర్హుడివి. సివిల్ డిగ్రీ తర్వాత అయిదేళ్ల అనుభవం చాలు, పీజీ ఉంటే మూడేళ్లే. ముందు ఒక ఆర్‌వీఓలో, అంటే ఐబీబీఐ గుర్తించిన వాల్యూయర్ల సంస్థలో సభ్యత్వం తీసుకో, వాళ్ల దగ్గర 50 గంటల కోర్సు పూర్తి చెయ్యి, ల్యాండ్ అండ్ బిల్డింగ్ విభాగంలో పరీక్ష రాయి. పరీక్ష కంప్యూటర్ మీదే, రెండు గంటలు, 60 శాతం రావాలి, తప్పుకి పావు వంతు మార్కు కోత. మన ఇంజినీర్లు కట్టడాల తరుగుదల లాంటివి కళ్లు మూసుకుని చేస్తారు గానీ ఎకనామిక్స్, ఆస్తి బదిలీ చట్టం, భూసేకరణ చట్టం దగ్గర బోల్తా పడతారు, నేను మొదటిసారి తప్పింది కూడా అక్కడే. పాసయ్యాక మూడేళ్లలోపు రిజిస్ట్రేషన్‌కి అప్లై చేయాలి, ఫీజు 5,000.

ఇక ఏటా చదువు సంగతి. సభ్యులకు క్లాసులు పెట్టడం ఆర్‌వీఓ బాధ్యత, నైపుణ్యం ఎప్పటికప్పుడు పెంచుకోవడం మన ప్రవర్తనా నియమావళిలోనే ఉంది, పైగా మన సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్, అంటే పని చేయడానికి ఇచ్చే అనుమతి పత్రం, ఉండేది ఆ ఆర్‌వీఓ చేతిలోనే, కాబట్టి ఎగ్గొట్టకు. కెమెరా ఆపేసి అన్నం తింటూ విన్న వెబినార్లు నాకూ ఉన్నాయి, దాచుకోవడం ఎందుకు. కానీ ఒక క్లాసు మాత్రం ముందే విని ఉంటే పరువు దక్కేది అనిపించింది.

కొత్తలో హోసకోటె వైపు ఒక పొలానికి రిపోర్టు రాశాను. ఇక్కడి భూమి రికార్డు ఆర్‌టీసీ అంటే మన పహాణీయే, కన్నడ అక్షరాలు మనవాటిలాగే ఉంటాయి కదా అని ధీమాగా చదివేశా. విస్తీర్ణం దగ్గర 2-20 అని ఉంది. మన ఊళ్లో అలవాటు కొద్దీ రెండెకరాల ఇరవై సెంట్లు అని రాసేశా. అక్కడ ఆ ఇరవై అంటే గుంటలు! ఎకరాకి నలభై గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ముప్పై సెంట్ల భూమి నా రిపోర్టులో మాయమైపోయింది. నేను ఎవరి కింద పనిచేసేవాడినో ఆ సీనియరు సంతకం పెట్టేముందు చూసి, "ఏమప్పా, మిగతాది మీ కడపకు మోసుకుపోయావా?" అన్నాడు, ఆఫీసంతా నవ్వింది. తర్వాత కొన్ని నెలలకు ఒక రిటైర్డ్ సర్వేయరు చెప్పిన క్లాసులో ఆర్‌టీసీ కాపీలు చేతికిచ్చి ఒక్కో గడీ చదివించారు. ఖరాబు, అంటే సాగుకి పనికిరాని భూమి ఎక్కడ తీసేస్తారు, అందులో బి ఖరాబంటే దారీ వాగూ లాంటి జనం భూమి, దానికి విలువ కట్టకూడదు, ఇవన్నీ ఆ మధ్యాహ్నమే తెలిశాయి. క్లాసులు ఎంచుకునేటప్పుడు ఇలాంటివి చూసుకో, ఖాతా (ఆస్తి పన్ను రికార్డు), కన్వర్షన్ (సాగు భూమిని వేరే వాడకానికి మార్చడం), గైడెన్స్ వాల్యూ (ప్రభుత్వం పెట్టిన కనీస ధర) మీదవి. అంతర్జాతీయ ప్రమాణాల మీద ఉపన్యాసాలు ఎలాగూ వస్తూనే ఉంటాయి.

"ఇంత చూపిస్తే లోన్ పాసవుతుంది సార్" అనేవాళ్లు మొదటి నెలలోనే తగులుతారు. పని జరిగితేనే ఫీజు అనే ఒప్పందం రూల్స్ ప్రకారమే కుదరదు, అదే మాట చెప్పి తప్పించుకో. ఫొటోలు, కొలతలు, చుట్టుపక్కల అడిగి రాసుకున్న ధరలు కనీసం మూడేళ్లు దాచాలి.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్యి, పాత కంపెనీల నుంచి అనుభవం లెటర్లు తేదీలతో సహా ఇప్పుడే రాయించుకో. నా మొదటి కాంట్రాక్టరు దుకాణం ఎత్తేశాడు, ఆ రెండేళ్ల లెటర్ కోసం హోసూరులో వాళ్ల బావమరిది ఇంటికి నాలుగుసార్లు తిరిగాను.