గుత్తి క్యాప్సికం నీళ్లు వదిలేస్తుంటే

క్యాప్సికంలో బంగాళదుంప కూర కూరితే లోపల నీళ్లు చేరి, కాయ చతికిలబడుతోంది అన్నారు కదండీ. మొదట్లో నాకూ అంతే అయ్యేది. పూర్తిగా మూత పెడితే ఆవిరి నీళ్లయి మళ్లీ కాయ మీదకే దిగుతుంది.

గింజలు తీశాక లోపల ఉప్పు రాసి 10 నిమిషాలు బోర్లించండి. కాస్త నీరు కారుతుంది, తుడిచేయండి. ఉడికిన దుంపల్ని మెదిపి, పొడి మూకుడులో తడి ఆరేదాకా తిప్పండి. 4 కాయల కూరకు 2 చెంచాల వేయించిన శనగపిండి కలిపితే మిగిలిన తడి అదే పీల్చేస్తుంది. కూరలో మాత్రం ఉప్పు తగ్గించండి, నేనోసారి మర్చిపోయి నాలుక కరుచుకున్నా!

పిడికిలంత కాయలైతే మేలు. నూనెలో సన్న సెగ మీద, మూత ఓరగా పెట్టి, పక్కలకు తిప్పుతూ పావుగంట వేయించండి. తొక్క మీద నల్లమచ్చలు పడితే కంగారొద్దు, రుచంతా అక్కడే.