గ్రాఫిక్స్ కార్డ్ కొనేముందు ఒకసారి కేబినెట్ మూత తీయండి

ప్రశ్న: మా ఇంట్లో డెస్క్‌టాప్ 2015లో అసెంబుల్ చేయించింది. ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డ్, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటే స్టిక్, 1 టీబీ హార్డ్ డిస్క్, 450 వాట్స్ అని రాసున్న ఎస్ఎంపీఎస్ (అదే, లోపలి భాగాలకి కరెంట్ ఇచ్చే డబ్బా). ఆన్ చేసి స్నానం చేసొచ్చినా ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే బిగుసుకుపోద్ది. మా అబ్బాయి కోడింగ్ నేర్చుకుంటున్నాడు, అప్పుడప్పుడు గేములు కూడా కావాలంటాడు. మా బావమరిదేమో తన దగ్గర వాడిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డ్ ఉంది, అది వేస్తే స్పీడ్ అయిపోద్ది తీసుకో బావా అంటున్నాడు. బడ్జెట్ చాలా తక్కువండీ. ముందు ఏం మార్చమంటారు?

జవాబు: బావమరిది మాట కాసేపు పక్కన పెట్టండి. సిస్టమ్ ఆన్ అవడానికి పట్టే టైముకీ గ్రాఫిక్స్ కార్డ్‌కీ సంబంధమే లేదు. ఒక పని చేయండి, ఈసారి బిగుసుకుపోయినప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి చూడండి. నాకు తెలిసి సీపీయూ ఏ పదో పదిహేనో శాతం దగ్గర ఖాళీగా కూర్చుని ఉంటుంది, డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. అంటే పాపం ప్రాసెసర్ తప్పేం లేదు, అది హార్డ్ డిస్క్ ఎప్పుడిస్తుందా అని ఎదురుచూస్తోంది.

ఎందుకంత స్లో అంటే లోపల నిజంగానే ఒక పళ్లెం తిరుగుతుంటుంది కదా, నిమిషానికి 7200 చుట్లు, అంటే ఒక చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైనే పడుతుంది, దానికి తోడు ఆ ముల్లు అటూ ఇటూ జరగాలి. పెద్ద సినిమా ఫైల్ ఒకటి కాపీ చేస్తే బాగానే లాగుతుంది గానీ విండోస్ స్టార్ట్ అయ్యేటప్పుడు వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు తలో మూల నుంచి కావాలి, అలాంటివి సెకనుకి ఓ వంద చదివేసరికే దానికి ఆయాసం వచ్చేస్తుంది. ఎస్ఎస్‌డీ అంటే చిప్‌ల మీద డేటా దాచే డిస్క్, అందులో తిరిగేదేం లేదు కాబట్టి అదే పని సెకనుకి వేలల్లో చేసేస్తుంది. అందుకే మీరు ముందు కొనాల్సింది 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (సాటా అంటే మీ హార్డ్ డిస్క్ తగిలించిన కనెక్షన్ రకమే), 500 జీబీది చాలు, విండోస్ దాంట్లో ఫ్రెష్‌గా వేయించి పాత డిస్క్‌ని ఫొటోలకి వదిలేయండి. ఎన్‌వీఎంఈ అనే ఇంకో రకం ఎస్ఎస్‌డీ ఇంకా ఫాస్ట్ అని ఎవరన్నా చెప్తే వినొద్దు, అది ఫాస్టే, కాకపోతే హెచ్81 బోర్డుల్లో మామూలుగా దానికి స్లాటే ఉండదు, అడాప్టర్ పెట్టినా చాలా బోర్డుల్లో బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డ్ ప్రోగ్రామ్) దాన్నుంచి విండోస్ స్టార్ట్ అవనివ్వదు. ఇంకోటి, హెచ్81లో సాటా పోర్టులు అన్నీ ఒకటి కాదు, రెండు 6 గిగాబిట్‌వి, మిగతావి 3 గిగాబిట్‌వి. చాలా బోర్డుల మీద పోర్ట్ పక్కనే సన్నగా రాసుంటుంది, టార్చ్ వేసి చూసి ఎస్ఎస్‌డీని 6 దాంట్లోనే పెట్టండి, లేకపోతే స్పీడ్ సగానికి సగం పోద్ది.

తర్వాత ర్యామ్. ఇంకో 8 జీబీ వేస్తే 16 అవుతుంది, హెచ్81కి అదే మ్యాక్సిమమ్, పైగా రెండు స్టిక్కులుంటే డ్యూయల్ చానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి, పనిచేస్తాయి. కానీ డీడీఆర్3 కోసం కొత్త ర్యామ్ డబ్బులు పెట్టకండి, వాడిందే వెతకండి. వెతికేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి, మరీ చవగ్గా కనిపించే కొన్ని 8 జీబీ డీడీఆర్3 స్టిక్కులు ఏఎండీ బోర్డులకి మాత్రమే అని కింద చిన్న అక్షరాల్లో రాసుంటాయి, ఇంటెల్ బోర్డ్‌లో పెడితే ఫ్యాన్ తిరుగుతుంది తప్ప డిస్‌ప్లే రాదు. ఇక డీడీఆర్4 అసలు స్లాట్‌లో దిగనే దిగదు, గాటు వేరే చోట ఉంటుంది, నొక్కి కూర్చోబెట్టే ప్రయత్నం చేయకండి దండం పెడతాను.

ఇప్పుడు బావమరిది కార్డ్ సంగతి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చెడ్డ కార్డ్ అనను గానీ మీ సిస్టమ్‌కి మాత్రం అది తప్పుడు సంబంధం. చూడ్డానికి స్లాట్ నిండా కూర్చున్నా అది వాడుకునేది 4 లేన్లే (లేన్ అంటే డేటా వెళ్లే దారి), మిగతా 12 ఉత్తివే. కార్డ్ పెట్టే స్లాట్ పీసీఐఈ 4.0 రకం ఉన్న బోర్డ్‌లో ఆ నాలుగు లేన్ల మీదే సెకనుకి దాదాపు 8 జీబీ వెళ్తుంది కాబట్టి అక్కడ సర్దుకుపోతుంది. మీ హెచ్81 స్లాట్ 2.0, అందులో అదే కార్డ్‌కి వచ్చేది 2 జీబీ, అంటే నాలుగో వంతు. దాని 4 జీబీ మెమరీ నిండిన మరుక్షణం గేమ్ ఆగి ఆగి నడుస్తుంది, అబ్బాయి మిమ్మల్నే తిడతాడు. ఆ పైన వీడియో ఎన్‌కోడర్ (వీడియోని రికార్డ్ చేసి కుదించే భాగం) కూడా తీసేశారు దాంట్లో, గేమ్ రికార్డ్ చేద్దామన్నా ఆ కార్డ్‌తో కుదరదు. మీ బోర్డ్‌కి గేములు కావాలంటే వాడిన జీటీఎక్స్ 1650 లాంటిది నయం, అది 16 లేన్లూ వాడుతుంది, 75 వాట్స్‌లోపే కాబట్టి వేరే పవర్ కేబుల్ అక్కర్లేని మోడల్స్ చాలానే ఉన్నాయి.

కార్డ్ ఏదైనా సరే దానికంటే ముందు ఎస్ఎంపీఎస్. మూత తీసి దాని పక్కనున్న స్టిక్కర్ చదవండి, 450 వాట్స్ అన్న పెద్ద అక్షరాలు కాదు, కింద టేబుల్లో ప్లస్ 12 వోల్ట్స్ అన్న గడిలో ఎన్ని ఆంప్స్ రాశారో చూడండి. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డ్‌కీ ఎక్కువ కరెంట్ వెళ్లేది ఆ లైన్ నుంచే. అక్కడ 16 ఆంప్స్ ఉందనుకోండి, పన్నెండు పదహార్లు 192, అంటే పనికొచ్చేది 192 వాట్సే, మిగతాదంతా పేరు గొప్ప ఊరు దిబ్బ. అది మారిస్తే 80 ప్లస్ మార్క్ (కరెంట్ తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే గుర్తు) ఉన్నదే తీసుకోండి.

ఐ7-4770 ప్రాసెసర్ వేసుకోవచ్చా అని మీరు అడగలేదు గానీ ఎలాగూ ఎవరో ఒకరు చెప్తారు. అదే ఎల్‌జీఏ1150 సాకెట్, కూర్చుంటుంది, 4 కోర్లు 8 థ్రెడ్లు. కాకపోతే అది కూడా నాలుగో జనరేషనే, విండోస్ 11 అఫీషియల్‌గా ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కోడింగ్ నేర్చుకునే పిల్లాడికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసిచ్చినా హాయిగా నడుస్తుంది, వాడికి అదీ ఒక చదువే. నేనైతే లెక్క ఇలా వేసుకుంటాను, రేపు బోర్డ్ మార్చినా వెంట తీసుకెళ్లగలిగేవాటికే ఇప్పుడు కొత్త డబ్బులు. ఎస్ఎస్‌డీ వస్తుంది, మంచి ఎస్ఎంపీఎస్ వస్తుంది, గ్రాఫిక్స్ కార్డ్ వస్తుంది. డీడీఆర్3 ర్యామ్, పాత సాకెట్ ప్రాసెసర్ రావు.

ప్రశ్న: ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్, దానికి సరిపడా కొత్త బోర్డ్, డీడీఆర్4 ర్యామ్ కొన్నాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం సిగ్నల్ లేదంటోంది. గ్రాఫిక్స్ కార్డ్ వచ్చే నెల కొందామనుకున్నా. బోర్డ్ పోయిందా?

జవాబు: బోర్డ్‌కేం కాలేదు, ఆ చివర్లో ఉన్న ఎఫ్ అక్షరం చేసిన పని అది. ఇంటెల్‌లో ఎఫ్ ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం, బోర్డ్ వెనకాల హెచ్‌డీఎంఐ ఉన్నా దాంట్లోంచి బొమ్మ రాదు. ఎవరిదగ్గరన్నా పాత కార్డ్ ఏదైనా సరే నాలుగు రోజులు అడిగి తెచ్చి పెట్టండి, వచ్చేస్తుంది. ఇంకా వెనక్కి ఇచ్చే గడువు ఉంటే ఎఫ్ లేని 12100 తీసుకోండి. ఏఎండీ వైపు చూసేవాళ్లకీ ఇదే గొడవ, రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జీలో ఉంది.

ప్రశ్న: కొత్త మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడొచ్చే) ఎస్ఎంపీఎస్ తీసుకున్నా. పాతదీ మాడ్యులరే, దాని కేబుళ్లు కేబినెట్‌లో నీట్‌గా కట్టేసి ఉన్నాయి. అవి అలాగే ఉంచి కొత్త డబ్బా మాత్రం మార్చేస్తే పోలా?

జవాబు: పోతుంది, మీ హార్డ్ డిస్క్. నేను సరిగ్గా ఇదే బద్ధకానికి ఒక 2 టీబీ డిస్క్ పోగొట్టుకున్నా, ప్లగ్ చక్కగా దూరింది, స్విచ్ వేశా, చిటుక్కుమని చిన్న చప్పుడు, కాలిన వాసన. డిస్క్ వైపు ఉండే ప్లగ్ అందరిదీ ఒకటే గానీ ఎస్ఎంపీఎస్ వైపు ఏ పిన్నులో ఎన్ని వోల్టులు అనేది ఎవరిష్టం వాళ్లది, ఒకే కంపెనీ రెండు మోడల్స్‌లో కూడా తేడా ఉండొచ్చు, 5 రావాల్సిన చోట 12 వచ్చిందంటే అంతే. ఆ కట్టిన ట్యాగులన్నీ కత్తిరించేసి పాత కేబుళ్లు ఒక్కటి కూడా మిగల్చకుండా లాగేయండి, కొత్త డబ్బాతో వచ్చినవే వాడండి.