డైనోసార్లు పోయినా సముద్రంలో ఆలిచిప్పలు ఎలా బతికాయి?

పెంకు గట్టిది కాబట్టి బతికాయా అని అడిగారు. కాదండీ, పెంకుదేం లేదు ఇందులో. పెంకే కాపాడితే అమ్మోనైట్లు (చుట్టలు తిరిగిన పెంకుతో ఉండే సముద్ర జీవులు) ఇప్పటికీ ఉండాలి. 25 కోట్ల ఏళ్ల కిందటి పెర్మియన్ వినాశనాన్ని, అంటే అంతకన్నా పెద్ద ప్రళయాన్ని, దాటొచ్చిన జీవులు, 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లతోపాటే అడ్రస్ లేకుండా పోయాయి.

మాది గోదావరి జిల్లాల్లోని దేవరపల్లి వైపు. మావయ్య టిప్పర్లు గౌరీపట్నం నల్లరాయి క్వారీలకు తిరిగేవి. డిగ్రీ సెలవుల్లో నేనూ ఎక్కి పోయేవాణ్ణి. క్వారీ గోడలో కింద నల్లరాయి, పైనా నల్లరాయి, మధ్యలో తెల్లటి సున్నపురాయి పట్టీ. అందులో ఆలిచిప్పలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉండేవి. గోటితో గీకితే మట్టి రాలి పొరలు పొరలుగా చిప్ప అంచు తేలేది. మేస్త్రీ నవ్వి, “గుల్లలేం చేసుకుంటావు బాబూ, సున్నం కాలుస్తావా?” అనేవాడు. వాళ్లకది చెత్త. కంకరలో కలిస్తే లోడు వెనక్కొస్తుందని తీసి అవతల పోసేవారు.

ఆ నల్లరాళ్లు దక్కన్ లావా. పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చింది. కింది లావా డైనోసార్ల అంతం దగ్గర్లో ఆగిందని, మధ్య పట్టీ ఆ తర్వాతిదని 2008లో భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం చెప్పింది. అంటే నేను గీకినవి ప్రళయం దాటిన తరం చిప్పలు! ఇలాంటి చోటికి కంచె కట్టి బోర్డు పెట్టొద్దా? డైనోసార్ బొమ్మ లేకపోతే మనవాళ్లకు పార్కే కాదు.

సరే, మీ ప్రశ్న. 1995లో జబ్లాన్‌స్కీ, రౌప్ అనే శిలాజ శాస్త్రవేత్తలు ఆ ప్రళయంలో రెండు చిప్పల జీవుల (ఆలిచిప్పలూ ఈ రకమే) లెక్క తీశారు. బురదలో దూరి బతికేవైనా, పైన ఉండేవైనా ఒకేలా పోయాయి. పెద్దవా చిన్నవా అన్నదీ అక్కరకు రాలేదు. ఎక్కువ సముద్రాల్లో పరుచుకున్న ప్రజాతులే (దగ్గరి జాతుల గుంపులే) ఎక్కువగా మిగిలాయి. నన్నడిగితే అసలు సంగతంతా ఇదే.

అమ్మోనైట్లు కూడా చాలాచోట్ల ఉండేవి కదా అంటారేమో. వాటిది పిల్లల గొడవ. మిల్లీమీటరంత పిల్లలు పైనీళ్లలో ప్లాంక్టన్‌తో (నీళ్లలో కొట్టుకుపోయే సన్నజీవులతో) తేలుతూ పెరిగేవి, ఆ ప్లాంక్టనే దెబ్బతింది. వాటి చుట్టం నాటిలస్ పిల్ల గుడ్డులోంచి వచ్చేసరికే అంగుళం ఉంటుంది, పెద్దవి లోతులో తిరుగుతాయి. అందుకే అది నిలబడింది. అలాంటిదాన్ని షోపీస్‌ల కోసం పట్టి అమ్ముతుంటే, 2016లో సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) వాళ్లు దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు పెట్టాల్సొచ్చింది.